పద్నాలుగో ఆదివారం

బస్‌స్టాండు వెనక వీధి, మేడ మీది వాటా
సోమవారం మధ్యాహ్నం

అక్కా,

ఇది మూడో కాగితం. మొదటి రెండూ సగంలోనే చింపేశాను. నువ్వు ఎదురుగా ఉంటే నేను సగం మాట అంటే మిగతా సగం నువ్వే అందుకునేదానివి. కాగితం అలా అందుకోదు. నా ఐదో తరగతి చదువు దానికి సరిపోవడం లేదు.

నేను బాగున్నాను. పెళ్ళయి నాలుగు నెలలైనా ఈ ఇంట్లో నా గొంతు ఇంకా ఎవరికీ సరిగ్గా తెలియదు. నీ మరిది స్కూల్లో లెక్కలు చెప్పి వచ్చి, "ఏమైనా కావాలా?" అంటారు. నేను తల అడ్డంగా ఊపుతాను. "ఊపితే ఎన్ని మార్కులు వేయాలో తెలియదు, చెప్పు" అంటారు. నవ్వు వస్తుంది గాని మాట రాదు.

అత్తయ్య పొద్దున్న ఆరున్నరకే బస్‌స్టాండుకి వెళ్ళిపోతారు. అక్కడ అద్దాల గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో మైకులో చెబుతారు. మా వంటింటి కిటికీ తెరిస్తే వినిపిస్తుంది. గిన్నెలు తోముతూ వింటాను. అక్కా, అదే గొంతు. ఆవిడ బస్సు నంబరు చెబుతుంటే నాకు లైట్‌హౌసు మెట్లు కనిపిస్తాయి.

నీకు గుర్తుంది కదా. మన వంటగదికీ పక్కన దర్జీ షాపుకీ మధ్య ఒకటే గోడ. మనకి రేడియో లేదు. వాళ్ళ రేడియో ఆ గోడ బల్ల మీద ఉండేది. ఆదివారం రెండు గంటలకి స్టీలు గ్లాసులు గోడకి ఆనించి, గ్లాసు అడుగున చెవి పెట్టి నాటకం వినేవాళ్ళం. లైట్‌హౌసు కాపలాదారు కూతురికి నేను నీలం గౌను తొడిగాను, నువ్వు పసుపుది తొడిగావు. ఆ గౌను మీద రెండు రోజులు మాట్లాడుకోలేదు. "వినపడేదానికి రంగేమిటే!" అని నాన్న నవ్వాడు.

ఈ సంబంధం వచ్చినప్పుడు, అబ్బాయి తల్లి ఆ నాటకంలో కూతురి వేషం వేసిందని తెలిసి, అబ్బాయిని చూడకుండానే సరేనన్నాను చూడు, ఆ సంగతి ఆయనకి ఇంకా చెప్పలేదు. నువ్వూ చెప్పకు.

అసలు విషయం ఇది. నిన్న అత్తయ్య పక్కన కూర్చుని బఠాణీలు ఒలుస్తూ ధైర్యం చేశాను. "అత్తయ్యా, నేను నడుస్తున్నది మీ మాట వల్లే" అన్నాను. తర్వాత ఆగలేకపోయాను. ఎనిమిదేళ్ళప్పుడు జ్వరం వచ్చి వంటగదిలో ఆ గోడ పక్కనే మంచం పట్టడం, జ్వరం తగ్గినా కాళ్ళు కింద పెట్టడానికి భయపడటం, కాళ్ళలో ఏ లోపమూ లేదు నడిపించండి అని డాక్టరు నాన్నని కోప్పడటం, అన్నీ చెప్పాను. నాటకంలో ఆ పిల్ల మెట్ల మీంచి పడి మంచం మీద ఉన్నన్నాళ్ళూ నేనూ లేవలేదని, దీపం వెలిగించడానికి ఆ పిల్ల లేచిన ఆదివారమే నేనూ లేచానని చెప్పాను.

అత్తయ్య చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది.

"ఆ పిల్ల లేవలేదు కదే" అన్నారు. "పదమూడో వారం మెట్ల మీంచి పడింది. అక్కడితో నాటకం ఆపేశారు. తండ్రి వేషం ఆయన ఊరు వదిలి వెళ్ళిపోయాడు."

"లేదత్తయ్యా, లేచింది. మీరే అన్నారుగా, 'ఇంకొక్క మెట్టు' అని."

ఆవిడ నా వంక అదోలా చూశారు. కోపం కాదు. అదేమిటో నాకు అర్థం కాలేదు. తర్వాత మళ్ళీ ఒలుస్తూ తొక్కలు గిన్నెలో, గింజలు చెత్తబుట్టలో వేశారు.

నోరు తెరవక తెరవక తెరిచి ఏదో తప్పు మాట్లాడినట్టున్నాను. నువ్వు చెప్పు. ఆ పిల్ల లేచింది కదా?

నీ పిచ్చుక


దర్జీ షాపు
శుక్రవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం అందింది. స్కూలు తెరిచే రోజులు కదా, యూనిఫాంలు గుట్టలుగా పడి ఉన్నాయి. కాజాలు కుట్టీ కుట్టీ నా వేలు జల్లెడయింది. అందుకే నాలుగు ముక్కలే.

చిన్నప్పటి సంగతులు ఎవరికి మాత్రం సరిగ్గా గుర్తుంటాయి? నువ్వు ఆవిడతో మాట్లాడావు, అదే సంతోషం. నాటకం సంగతి నవ్వేసి వదిలెయ్. బఠాణీల గురించి మాట్లాడు, బట్టల గురించి మాట్లాడు. మాటలే కరువా?

మీ బావ నిన్ను అడిగానని రాయమన్నాడు. అంటే నీ ఉత్తరం వైపు చూసి గడ్డం ఎగరేశాడు. ఆయన అంతకన్నా ఎక్కువ అడగడని నీకు తెలుసు.

అక్క


బస్‌స్టాండు వెనక వీధి
బుధవారం, వాన

అక్కా,

నువ్వు నా ప్రశ్నకి జవాబు రాయలేదు. రెండు వైపులా తిప్పి చూశాను. లేదు.

వదిలేద్దామనే అనుకున్నాను. కానీ అత్తయ్య వదల్లేదు. మొన్న డ్యూటీ నుంచి రాగానే చెప్పులు కూడా విప్పకుండా, "ఏదీ, మొదటి వారం నుంచి చెప్పు" అన్నారు.

చెప్పాను. తలుపు వైపు తిరిగి, ఆవిడ ముఖం చూడకుండా చెప్పాను. అలా అయితే మాట వస్తుంది. పడవ బోల్తా పడటం, తండ్రి చూపు మందగించడం, ఆ సంగతి ఓడలవాళ్ళకి తెలియకుండా కూతురే దీపం చూసుకోవడం. పదమూడు వారాలూ చెప్పాను. అక్కా, ఆవిడ ఎంత సంతోషపడ్డారో! మధ్యమధ్య నన్ను ఆపి, నేను మొదలుపెట్టిన మాట ఆవిడ పూర్తి చేశారు. ఒకచోట ఆవిడ మర్చిపోతే నేను అందించాను. "అక్షరం పోలేదే నీకు! మా డైరెక్టరుకి కూడా ఇంత గుర్తుండేది కాదు" అన్నారు. నా చెవులు వేడెక్కాయి.

తర్వాత పద్నాలుగో వారం మొదలుపెట్టాను. డాక్టరు అలల పక్కనే గుర్రం మీద రావడం, ఆ పిల్ల కిటికీలోంచి ఓడలు లెక్కపెట్టడం. అక్కడి నుంచి అత్తయ్య ఒక్క మాట కూడా అందుకోలేదు. ఇరవై రెండో వారం వరకూ అలాగే విన్నారు. అయిపోయాక, "ముందు పదమూడూ ఇంత సరిగ్గా చెప్పిన పిల్ల, వెనక తొమ్మిదీ కల్పించి చెబుతుందా?" అన్నారు. నన్ను కాదు. గుమ్మంలో నిలబడ్డ నీ మరిదిని అడిగారు.

నీకు రాయని సంగతి ఒకటుంది. ఈ మధ్య అత్తయ్య కొన్ని మర్చిపోతున్నారు. తాళాలు పంచదార డబ్బాలో దొరికాయి. ఒకరోజు స్టవ్ ఆర్పడం మర్చిపోయారు. ఒకసారి మైకులో ప్లాట్‌ఫారం తప్పు చెబితే పెళ్ళివారంతా పూలబుట్టలతో సహా వేరే ఊరి బస్సెక్కారట. ఆయన ఇవన్నీ తారీకులతో ఒక నోట్‌బుక్కులో రాసుకుంటున్నారు. లెక్కల మాస్టారు కదా. ఆ రోజు అందులో ఇంకో వరుస రాశారు: "తొమ్మిది వారాల నాటకం పూర్తిగా పోయింది." నేను వెనక నుంచి చూశాను. నా చేత్తో నేనే రాసినట్టు అనిపించింది.

ఆయన రేడియో స్టేషనుకి ఉత్తరం రాస్తానంటున్నారు. అదే మంచిదేమో.

నువ్వు ఆ తొమ్మిది ఆదివారాలూ నాటకం వినలేదని నాకు తెలుసు. రెండు గంటలకి టైపు క్లాసుకి వెళ్ళేదానివి. నువ్వు రాగానే కథంతా నేను చెప్పేదాన్ని, నువ్వు నోరు తెరుచుకుని వినేదానివి. వినకపోయినా నేను చెప్పింది గుర్తుండాలి కదా. ఒక్క ముక్క రాయి. ఉందో లేదో.

పిచ్చుక


దర్జీ షాపు
సోమవారం

పిచ్చుకా,

స్టేషనుకీ అక్కడికీ ఇక్కడికీ ఉత్తరాలెందుకు? వద్దని చెప్పు. నీకు చెప్పడానికి సిగ్గయితే గుడ్లురిమి చూడు, మగాళ్ళు అదీ వింటారు.

నేను ఆలోచించాను. నీకు అప్పుడు జ్వరం. జ్వరంలో మనిషికి ఏవేవో వినిపిస్తాయి. నువ్వే ఊహించుకుని ఉంటావు. మీ అత్తయ్యకి అలాగే చెప్పెయ్. నాదే పొరపాటు అత్తయ్యా, జ్వరంలో ఏదో కలిపేశాను అను. గొడవ వదిలిపోతుంది.

నీకు ఒక లంగా కుట్టి పంపుతున్నాను. నడుము కొలత పాతదే వేశాను. లావయితే రాయి.

అక్క


బస్‌స్టాండు వెనక వీధి
ఆదివారం, రెండు గంటలు దాటింది

అక్కా,

లంగా సరిపోయింది. మిగతాదేదీ సరిపోవడం లేదు.

నువ్వు రాసినట్టే చెప్పాను. "అత్తయ్యా, జ్వరంలో కలిపేశానేమో" అన్నాను. నీ ఉత్తరం చదివాక నాకే అనుమానం పట్టుకుంది కూడా. అవతల ఏమీ లేకుండా తొమ్మిది వారాలు ఉత్త గోడకి చెవి పెట్టుకుని కూర్చున్నానా? అలాంటి పిల్లని నువ్వు ఎవరికీ చెప్పకుండా ఊరుకున్నావా?

అత్తయ్య ఒప్పుకోలేదు. "నన్ను ఓదార్చకు. నాకు గుర్తొస్తోంది" అన్నారు. నిజంగానే గుర్తొస్తోంది ఆవిడకి! స్టూడియోలో ఎర్ర దీపం వెలగడం, మైకు అందక పీట మీద నిలబడటం, గుర్రం చప్పుడు చేసే అతనికి తుమ్ము రావడం. "ఇంకొక్క మెట్టు అనేటప్పుడు గొంతు ఇలా తగ్గించాను" అని అని చూపించారు కూడా. నేను విన్నది అచ్చం అదే.

మొదట లేదన్న ఆవిడ ఇప్పుడు ఉందంటున్నారు. ఉందన్న నేను ఇప్పుడు లేదంటున్నాను. మధ్యలో ఆయన పెన్సిలు పట్టుకుని నిలబడి, "ఎవరో ఒకరు ఒక మాట మీద ఉండండి" అంటున్నారు. స్టేషను నుంచి జవాబు వచ్చింది. అప్పటి రిజిస్టర్లు వాననీళ్ళలో తడిసిపోయాయట.

ఇందులో నవ్వుకోవడానికేమీ లేదు. అత్తయ్య నిన్న డిపో మేనేజరుకి కాగితం రాసి ఇచ్చారు. నెలాఖరు నుంచి మానేస్తారట. "తొమ్మిది వారాలు తుడిచిపెట్టుకుపోయి మళ్ళీ వాటంతట అవే వచ్చాయంటే, ఈ బుర్రని నమ్మి జనాన్ని బస్సులెక్కించకూడదు" అన్నారు. పెద్ద ఊళ్ళో తల డాక్టరు దగ్గరికి తీసుకెళతానని ఆయన అంటే తల ఊపారు. నేను ఊపినట్టు. ఆ గొంతు ఉన్న మనిషి మాట్లాడకుండా తల ఊపడం నేను చూడలేకపోయాను.

భర్త పోయాక ఆ మైకు గదే తనని నిలబెట్టిందని ఆవిడ నాతో ఒకసారి అన్నారు. ఇప్పుడు అది నా మాట వల్ల పోతోంది. ఇంకా పదకొండు రోజులే ఉన్నాయి.

బావని అడుగు. రేడియో వాళ్ళది కదా. గోడ అవతల ఏం మోగిందో బావకి తెలియాలి.

ఇంకోటి అడగాలని ఉంది. ఎందుకు తోచిందో తెలియదు. తొమ్మిది వారాలు టైపు క్లాసుకి వెళ్ళావు కదా. మరి నీకు టైపు ఎందుకు రాదు?

పిచ్చుక


దర్జీ షాపు, మూసిన తలుపు లోపల
బుధవారం

పిచ్చుకా,

నీ ఉత్తరం బావ చదివాడు. మిషను ఆపేసి, "నువ్వు రాస్తావా, నన్ను రాయమంటావా?" అన్నాడు. మా పెళ్ళయ్యాక ఆయన అన్న మాటల్లో ఇదే పెద్దది. అందుకే రాస్తున్నాను.

మీ అత్తయ్య మొదట చెప్పిందే నిజం. పదమూడో వారంతో నాటకం ఆగిపోయింది. ఆ రోజు ఆ పిల్ల పడ్డాక నువ్వు నిద్రపోయావు. చివర్లో, వచ్చేవారం నుంచి ఈ నాటకం ఉండదని చెప్పారు. అది నేనొక్కదాన్నే విన్నాను. నువ్వు నిద్ర లేచి, "అక్కా, ఆ పిల్ల లేచిందా? లేచాక చెప్పు, నేనూ లేస్తాను" అన్నావు. నాకు పదిహేనేళ్ళు. నీ కాళ్ళు రోజురోజుకీ చేతికర్రల్లా అవుతున్నాయి. ఆ పిల్ల ఇంక ఎప్పటికీ లేవదని నీకెలా చెప్పను?

ఆదివారం షాపు మూసి ఉండేది. మా మామయ్య, అంటే మీ బావ నాన్న, భోంచేసి మేడ మీద పడుకునేవాడు. కింద మీ బావ ఒక్కడే బటన్లు ఏరుకుంటూ ఉండేవాడు. అప్పటికి ఆయనతో నేను పట్టుమని పది మాటలు మాట్లాడి ఉండను. వెళ్ళి అడిగాను. ఎందుకు అనలేదు. రేడియో బల్ల దగ్గర కుర్చీ ఎక్కడ వేయాలని మాత్రం అడిగాడు.

పద్నాలుగో ఆదివారం నుంచి గోడ అవతల మాట్లాడింది నేను. ఆ గొంతు వారాల తరబడి విని విని నాకు పట్టుబడింది. ఖాళీ దారం డబ్బాలో నోరు పెట్టి మాట్లాడితే, గోడ దాటేసరికి మిగతా తేడా పోయేది. మొదటి వారం "గొంతు వేరేగా ఉందక్కా" అన్నావు. ఆవిడకి జలుబు చేసి ఉంటుందన్నాను. సముద్రం కావాలంటే బావ గుడ్డ లేకుండా మిషను తొక్కేవాడు. తుఫాను కావాలంటే ఇంకా గట్టిగా తొక్కేవాడు. మొదట్లో వచ్చే పాట ఈల వేసేవాడు. డాక్టరూ, తండ్రీ, గుర్రమూ కూడా ఆయనే. గుర్రానికి దారపు కండెలు రెండు బల్ల మీద కొట్టేవాడు. అప్పుడప్పుడు సకిలించేవాడు కూడా. నవ్వాపుకోలేక మీసాల కింద పెదవి కొరుక్కోవడం నేను అప్పుడే చూశాను. మా పెళ్ళి ఎలా కుదిరిందని అందరూ అడుగుతారు కదా. అలా కుదిరింది.

ఇప్పుడు నీకు అన్నిటికన్నా చెప్పవలసినది. కథ నాది కాదు. నాకంత ఊహ లేదని నీకు తెలుసు. గౌనుకి పసుపు తప్ప ఇంకో రంగు తోచనిదాన్ని. నేను లోపల చెప్పేది పావుగంట. ఇంటికి రాగానే నువ్వు నాకు దాన్ని గంటసేపు చెప్పేదానివి. నేను అనని మాటలు అన్నట్టు, రాని మనుషులు వచ్చినట్టు. డాక్టరు గుర్రం మీద వచ్చాడని నువ్వే చెప్పావు. నేను ఉత్త "డాక్టరు వచ్చాడు" అన్నాను. తర్వాతి వారం నుంచి గుర్రం పెట్టాం. ఓడలు లెక్కపెట్టడం నువ్వు చెప్పిందే. "దీపం ఆరిపోతే లేస్తుందక్కా, ఓడలో జనం ఉంటారుగా" అని కూడా నువ్వే అన్నావు. ఇరవై రెండో వారం మేం దీపం ఆర్పేశాం. అంతే మేం చేసింది.

జ్వరంలో ఊహించుకున్నావని రాశాను. ఆ మాటకి నన్ను తిట్టు. నిజం చెబితే నిన్ను నిలబెట్టింది నీకు కాకుండా పోతుందని భయపడ్డాను. ఈ సంబంధం వచ్చిన రోజు నుంచి భయమే. మీ అత్తయ్యకి ఎప్పుడో ఒకప్పుడు నువ్వు చెబుతావని తెలుసు. నీకు మాట రావడం ఆలస్యమైతే బాగుండునని కూడా అనుకున్నాను. ఇంతకన్నా సిగ్గుపడే మాట నేను రాయలేను.

ఈ కాగితం ఆవిడకి చూపించు. ఆ తొమ్మిది వారాల సంగతిలో ఆవిడ బుర్రకి ఏమీ కాలేదు.

అక్క


బస్‌స్టాండు వెనక వీధి
శనివారం

అక్కకి,

గుర్రం కూడానా?

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. "పదిహేనేళ్ళు" అన్న మాట దగ్గరికి వచ్చేసరికి తిట్టలేకపోయాను. నాకు ఇప్పుడు పంతొమ్మిది. గోడ అవతల కుర్చీ ఎక్కి అలా మాట్లాడగలనా అని చూసుకున్నాను. లేను.

నా బుర్ర మాత్రం తిరిగిపోయింది. నేను విన్నది నువ్వు చెప్పింది. నువ్వు చెప్పింది నేను చెప్పింది. అయితే ఎవరి మాట విని నేను లేచాను?

నీ ఉత్తరం నిన్నటి నుంచి నా జాకెట్టులోనే ఉంది. అత్తయ్యకి చూపించలేదు. ఆవిడ ఈ మధ్య ఆ తొమ్మిది వారాలూ పక్కింటివాళ్ళకి కూడా చెబుతున్నారు. చెబుతున్నంతసేపూ ముఖం వెలిగిపోతుంది. చూపిస్తే ఆ వెలుగు పోతుంది. చూపించకపోతే బస్‌స్టాండు పోతుంది. ఇంకా ఐదు రోజులు. ఏది పోతే తక్కువ? నువ్వయితే ఏం చేస్తావని అడగబోయాను. నువ్వు ఏం చేశావో చూశాను కదా. పదకొండేళ్ళు దాచావు.

పిచ్చుక


దర్జీ షాపు

మరదలికి,

గుర్రం నేనే. బాగా రాలేదేమో. దాచడం తప్పని మీ అక్కతో అప్పుడే అన్నాను. అంటే అనుకున్నాను. చూపించెయ్యి.

బావ


బస్‌స్టాండు, మైకు గది
గురువారం, పొద్దున్న

అక్కా,

ఈ ఉత్తరం అద్దాల గదిలో కూర్చుని రాస్తున్నాను. పక్కనే అత్తయ్య ఉన్నారు. బస్సుకీ బస్సుకీ మధ్య రాస్తున్నాను కాబట్టి అక్కడక్కడ అతుకులు కనిపిస్తాయి.

బావ ముక్క అందిన రోజే చూపించాను. అత్తయ్య కళ్ళజోడు తీసి పక్కన పెట్టి, "నువ్వే చదువు" అన్నారు. నేను పైకి చదవడం ఐదో తరగతి తర్వాత అదే. గోడ వైపు తిరగబోతే, "ఇటు" అన్నారు. చదువుతుంటే మధ్యలో రెండుసార్లు, "అక్కడ ఆగు. ఊపిరి తీసుకో. ఇప్పుడు చదువు" అన్నారు. మిషను తొక్కితే సముద్రమైన చోట, "ఆ తెలివి మా స్టూడియోవాళ్ళకి లేకపోయింది. రేకు డబ్బాలో గులకరాళ్ళు ఊపి చంపేవారు" అన్నారు.

అయిపోయాక కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. ఆయన నోట్‌బుక్కు తెచ్చి, తొమ్మిది వారాల వరుస మీద అడ్డంగా గీత కొట్టారు. "ఇది పోయింది. మిగతావి ఉన్నాయమ్మా" అన్నారు మెల్లిగా.

"ఉన్నవి ఉండనీ. అవి నావే" అన్నారు అత్తయ్య. తర్వాత నా వైపు తిరిగి, "మరి నాకు కనిపించిన ఎర్ర దీపమేమిటే? పీట మీద నిలబడ్డానే! జరగనిది గుర్తుకురావడం మాత్రం జబ్బు కాదా?" అన్నారు. గొంతు వణికింది. మైకులో ఎప్పుడూ వణకదు.

తోచిందే చెప్పాను. "అక్క అంతా రాశాక కూడా నాకు మీ గొంతే వినిపిస్తోందత్తయ్యా. ఎంత ప్రయత్నించినా అక్క గొంతు రావడం లేదు. బావ సకిలించినట్టు అసలే రావడం లేదు. నాకు ఇంకా తెల్లగుర్రమే."

"నీకూనా?"

"నాకూ."

"అయితే ఇద్దరం ఒకే బస్సులో పోదాం డాక్టరు దగ్గరికి" అని నవ్వారు. నాకూ నవ్వొచ్చింది. ఆయన మాత్రం పెన్సిలు ఎక్కడ పెట్టాలో తెలియనట్టు నిలబడ్డారు. "మీ ఇద్దరినీ ఏ లెక్కలో వేయాలి?" అన్నారు. ఆయన మీద జాలేసి ఆ సంబంధం సంగతి కూడా చెప్పేశాను, ఆయన్ని చూడకుండానే సరేనన్నానని. "అంటే మా అమ్మని చేసుకున్నావన్నమాట" అన్నారు. సాయంత్రం దాకా ముభావంగా ఉండి, తర్వాత రెండుసార్లు అడిగారు, చూశాక ఏమనిపించిందని. అది నీకు రాయను.

ఇవాళ నెలాఖరు. కాగితం వెనక్కి తీసుకుందామని డిపో మేనేజరు దగ్గరికి వెళ్ళాం. "మీరే కదమ్మా మర్చిపోతున్నానని రాసిచ్చారు. ఇప్పుడు మర్చిపోవడం మానేశారా?" అన్నాడు. అత్తయ్య దబాయిస్తారనుకున్నాను. "మానలేదు. కొంచెం మర్చిపోతున్నాను. ఎంతో నాకే తెలియదు. ఈ పొద్దు చెప్పి చూస్తాను. నా కోడలు జాబితా పట్టుకుని పక్కన కూర్చుంటుంది. ఎన్ని తప్పులొచ్చాయో అది చెబుతుంది" అన్నారు. మేనేజరు నా వంక చూశాడు. నేను నేల వంక చూశాను.

ఆవిడ కాగితం చూడకుండా చెప్పడం మొదలుపెట్టారు. నేను జాబితా మీద వేలు పెట్టి వస్తున్నాను. ఇరవై మూడు బస్సులు వేలు తడబడకుండా వచ్చాయి. మేనేజరు అద్దం అవతల టీ తాగుతున్నాడు. ఇరవై నాలుగోది కొండ ఊళ్ళ బస్సు. అత్తయ్య నాలుగో ప్లాట్‌ఫారం అన్నారు. కాగితంలో ఆరు ఉంది.

అక్కా, నా వేలు ఆరు మీదే ఆగిపోయింది. మేనేజరు గమనించలేదు. నేను ఊరుకుంటే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది. మంచి కోసమే కదా అనుకున్నాను. అద్దంలోంచి చూస్తే బెంచీల మీద జనం లేచి నాలుగు వైపు నడుస్తున్నారు. ఒక ముసలాయన రెండు చేతుల్లో రెండు సంచులు మోసుకుంటూ అందరికన్నా వెనక వెళుతున్నాడు. నాలుగు మీద ఉన్నది వేరే బస్సు. ఇంజను కూడా మోగుతోంది.

"ఆరు, అత్తయ్యా" అన్నాను.

ఆవిడకి వినపడలేదు. నా గొంతు నీకు తెలుసుగా.

"ఆరు! నాలుగు కాదు. తప్పు చెప్పారు."

అద్దం అవతల మేనేజరు కూడా తల తిప్పేంత గట్టిగా వచ్చింది. అత్తయ్య నా వేలి కింద కాగితం చూశారు. ఒక్క క్షణం ముఖం చిన్నబోయింది. తర్వాత మైకు దగ్గరికి వంగి, అదే నిదానంతో, "ప్రయాణికులకు సవరణ. కొండ ఊళ్ళ బస్సు ఆరో నంబరు ప్లాట్‌ఫారం" అని రెండుసార్లు చెప్పారు.

మైకు ఆపి నా వైపు తిరిగారు. "మర్చిపోతే మర్చిపోయానని చెప్పు. మర్చిపోకపోతే మర్చిపోయానని నన్ను ఒప్పుకోనివ్వకు. రెండూ చెప్పగలవా రోజూ?"

"చెబుతాను" అన్నాను.

మేనేజరు తలుపు తీసి లోపలికి వచ్చాడు. ఇరవై నాలుగులో ఒక తప్పు, అదీ బస్సు కదలకముందే దిద్దారు, ఒక నెల చూస్తానన్నాడు. జాబితా చూసేవాళ్ళు పక్కన ఉండాల్సిందేనన్నాడు. ఒక నెల తర్వాత ఏమవుతుందో తెలియదు. డాక్టరు దగ్గరికి కూడా వెళతాం. ఆయన ఏమంటాడో తెలియదు. తెలియనివి చాలా ఉన్నాయి.

అప్పుడు నేను మేనేజరు వైపు చూడటం లేదు. జనాన్ని చూస్తున్నాను. సవరణ చెప్పగానే వాళ్ళంతా ఆగిపోయి, ఒకరి ముఖం ఒకరు చూసుకుని, ఒక్కసారిగా ఆరు వైపు తిరిగారు. సంచుల ముసలాయన ఇప్పుడు అందరికన్నా ముందున్నాడు. వాళ్ళకి మేం కనపడం. ఎవరు చెప్పారో వాళ్ళకి తెలియదు. గొంతు విని తిరిగారు, అంతే.

నీ ఉత్తరం మళ్ళీ చదివాను. ఇరవై రెండో ఆదివారం దీపం ఆర్పేశామని రాశావు. అక్కడితో ఆపేశావు. గోడ అవతల కుర్చీ మీద నువ్వున్నావు. ఇవతల నేను మంచం దిగి వంటగది గుమ్మం దాకా నడిచాను. ఆ రోజు నా అడుగులు నీకు వినిపించాయా?

పిచ్చుక